ఐపీ మార్చాక సిస్టమ్ పడిపోతోందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశాఖ నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: నెట్‌వర్క్ సెట్టింగ్ ఏదో మార్చాం, అప్పట్నుంచి కంప్యూటర్ పడిపోతోంది. విడివిడిగా చదివితే మాత్రం అన్నీ ఒకే జబ్బు కావు. కొందరికి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటినీ నడిపే మూల భాగం) నిజంగానే ఆగిపోయి నీలి తెర వస్తోంది. కొందరి సిస్టమ్ బతికే ఉంది, పని ఎక్కువై బిగుసుకుపోయింది. ఇంకొందరిది బూట్ అవుతూ అవుతూ, రాని నెట్‌వర్క్ కోసమో దొరకని డిస్కు కోసమో కాచుకుని కూర్చుంది. మూడింటికీ చికిత్స వేరు. అందుకే ఏ సెట్టింగూ వెనక్కి తిప్పకముందే తెర మీద ఏం రాసుందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సగం సమాధానం అందులోనే ఉంటుంది.

గాజువాక, అకౌంట్స్ ఆఫీసు నుంచి ఒక పాఠకుడు

ప్ర: మా ఆఫీసులో ఐదు సిస్టమ్‌లు. ట్యాలీ డేటా ఒకదాంట్లో ఉంటుంది. మిగతా నాలుగూ తరచూ దాన్నుంచి తెగిపోతున్నాయని దానికి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) చేత్తో ఇచ్చాను. అదే రోజు డ్రైవర్ అప్‌డేటర్ ప్రోగ్రామ్ ఒకటి వేసి నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రామ్) మార్చాను. వీడియో చూసి జంబో ప్యాకెట్ (డేటాను మామూలు కంటే పెద్ద ముక్కలుగా పంపే సెట్టింగ్) 9014 పెట్టాను. ఇప్పుడు పెద్ద ఫైలు కాపీ చేస్తే చాలు, నీలి తెర వచ్చి రీస్టార్ట్ అవుతోంది. తెర మీద ఎన్‌డీఐఎస్.సిస్ అని పేరు కనబడింది. ఐపీ మళ్లీ ఆటోమేటిక్ చేశాను, తగ్గలేదు. విండోస్ కొత్తగా వేయాల్సిందేనా?

జ: అక్కర్లేదండీ. ఐపీ మీద అనుమానం కూడా వదిలేయండి. ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ నాలుగూ తప్పుగా ఇచ్చినా విండోస్ చేసేది ఒక్కటే: ప్యాకెట్లు చేరవు. అదే నంబరు ఇంకో సిస్టమ్‌కి ఉందని తేలితే ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో, టీసీపీఐపీ పేరుతో 4199 నంబరు ఈవెంట్ రాసి ఆ అడ్రస్‌ను పక్కన పెడుతుంది. అంతేగాని కూలిపోదు.

కూలేది కెర్నల్ లోపల నడిచే డ్రైవర్. మామూలు ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుంటే విండోస్ ఆ ఒక్క ప్రోగ్రామ్‌ను మూసేస్తుంది. డ్రైవర్ ముట్టుకుంటే అలా కుదరదు. అదీ కెర్నలూ ఒకే చోట నడుస్తాయి కాబట్టి, డిస్కు మీద డేటా పాడు కాకుండా విండోస్ మొత్తం తనంతట తానే ఆగిపోతుంది. సెట్టింగ్ అనేది డ్రైవర్ చదువుకునే విలువ. ఆ విలువను డ్రైవర్ సరిగా పట్టుకోలేకపోతేనే ప్రమాదం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా డ్రైవర్ విషయంలో జరిగింది ఇదే తరహా. 20 విలువలు అందిన చోట 21వ విలువ చదవబోయి హద్దు దాటింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు పడిపోయాయి. వచ్చింది కొత్త డ్రైవర్ కాదు, డ్రైవర్ చదివే ఒక చిన్న డేటా ఫైలు మాత్రమే.

మీ విషయానికి వద్దాం. ఎన్‌డీఐఎస్.సిస్ మైక్రోసాఫ్ట్‌దే, కార్డు డ్రైవర్‌కీ టీసీపీఐపీకీ నడుమ ఉండే పొర. నేరం చేసింది కింది డ్రైవర్ అయినా తెర మీద ఈ పొర పేరే పడటం మామూలు. ఎన్‌ఈటీఐఓ.సిస్ కనబడినా అలాగే అనుకోవాలి. అక్కడ మాత్రం యాంటీవైరస్, వీపీఎన్ ప్రోగ్రామ్‌లు పెట్టే ఫిల్టర్ డ్రైవర్లను ముందు అనుమానించాలి, ముఖ్యంగా అలాంటివి రెండు ఒకే సిస్టమ్‌లో ఉంటే.

అసలు పేరు డంప్ ఫైలు (పడిపోయిన క్షణాన మెమరీలో ఉన్నదాని నకలు) చెబుతుంది. రన్ బాక్సులో సిస్‌డీఎం.సీపీఎల్ అని కొట్టండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్, స్టార్టప్ అండ్ రికవరీ, సెట్టింగ్స్. అక్కడ ‘ఆటోమేటిక్‌లీ రీస్టార్ట్’ టిక్ తీసేయండి, లేకపోతే స్టాప్ కోడ్ చదివేలోపే తెర పోతుంది. కింద ‘స్మాల్ మెమరీ డంప్’ ఎంచుకోండి. దానికి 256 కేబీ చాలు, కానీ సీ డ్రైవ్‌లో పేజింగ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైలు) ఉండాలి. ఎస్‌ఎస్‌డీ నిండిందని పేజింగ్ ఫైలు తీసేసిన సిస్టమ్‌లో డంప్ పడదు, మీరు ఎంత వెతికినా మినీడంప్ ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది. మళ్లీ పడిపోయాక సీ డ్రైవ్, విండోస్, మినీడంప్ ఫోల్డర్‌లోని ఫైలును విన్‌డీబీజీ అనే డంప్ చదివే ప్రోగ్రామ్‌లో తెరవండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటిసారి సింబల్స్ (డంప్‌లోని అడ్రస్‌లకు పేర్లు చెప్పే ఫైళ్లు) దింపుకోవాలి కాబట్టి ఇంటర్నెట్ ఉన్న వేరే సిస్టమ్‌లో తెరవడం మేలు. కింది గడిలో ఆశ్చర్యార్థక గుర్తు, దాని పక్కనే అనలైజ్, ఒక ఖాళీ, హైఫన్, వీ అని కొట్టి ఎంటర్ చేస్తే ‘ఇమేజ్ నేమ్’ దగ్గర ఒక పేరు వస్తుంది. అక్కడా ఎన్‌డీఐఎస్ అనే వస్తే ‘స్టాక్ టెక్స్ట్’ చూడండి. ఆ వరసలో మైక్రోసాఫ్ట్‌ది కాని పేరు ఏదుందో వెతకండి. ఆర్‌టీతో మొదలైతే రియల్‌టెక్ కార్డు, ఈ1తో మొదలైతే ఇంటెల్ వైరు కార్డు, నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూ అయితే ఇంటెల్ వైఫై.

నీలి తెర మీది కోడ్‌ను కూడా రాసుకోండి. ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అంటే కోడ్ డీ1. ఆ క్షణాన ముట్టుకోకూడని మెమరీని డ్రైవర్ ముట్టుకుందని అర్థం. నెట్‌వర్క్ డ్రైవర్ల మూలంగా వచ్చే నీలి తెరల్లో తరచుగా కనబడేది ఇదే. ‘డీపీసీ వాచ్‌డాగ్ వయొలేషన్’, కోడ్ 133 అయితే డ్రైవర్ ప్రాసెసర్‌ను పట్టుకుని వదల్లేదని.

ఇక మరమ్మతు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ముందు డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో జంబో ప్యాకెట్‌ను డిజేబుల్ చేసి, పడిపోతున్న అదే ఫైలును అదే సిస్టమ్‌కి కాపీ చేసి చూడండి. పడిపోవడం ఆగితే కారణం తెలిసినట్టే. ఆగకపోతే డ్రైవర్ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’. ఆ బటన్ వెలిసిపోయి నొక్కడానికి వీలు కాకపోతే, డివైస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తూ డ్రైవర్‌ను కూడా తీసేయమనే గడికి టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. ఆ టిక్ మరిస్తే విండోస్ అదే డ్రైవర్‌ను మళ్లీ తగిలిస్తుంది. తర్వాత మదర్‌బోర్డు మోడల్ చూసుకుని, ఆ తయారీదారు సైట్ నుంచే డ్రైవర్ దింపుకోండి. డ్రైవర్ అప్‌డేటర్ ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌లోంచి తీసేయండి. కార్డు పేరు దగ్గరగా ఉంటే చాలు, వేరే రివిజన్ డ్రైవర్‌ను తగిలించే ప్రోగ్రామ్‌లు వాటిలో ఉంటాయి.

లాగిన్ దాకా కూడా రాకుండానే పడిపోతుంటే, వరసగా బూట్ విఫలమయ్యాక విండోస్ తానే రికవరీ తెర చూపిస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చే జాబితాలో 4 నొక్కండి. చాలామంది అలవాటుగా 5 నొక్కుతారు. 5 అంటే నెట్‌వర్కింగ్‌తో సేఫ్ మోడ్, అది మీ దోషి డ్రైవర్‌ను మళ్లీ లోడ్ చేస్తుంది.

‘నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్’ కొట్టమని ప్రతి చోటా చెబుతారు. దానికీ కార్డు డ్రైవర్‌కీ సంబంధం లేదు. నీలి తెరకు అది మందు కాదు. సెట్టింగ్స్‌లో ఉన్న ‘నెట్‌వర్క్ రీసెట్’ ఇంకా పెద్ద పని: కార్డులన్నీ తీసేసి మళ్లీ పెడుతుంది, మీరిచ్చిన ఐపీ పోతుంది, వీపీఎన్ ప్రోగ్రామ్‌ను మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. అన్నీ అయ్యాక ఆఖరున వాడాల్సింది.

జంబో గురించి ఒక మాట. రెండు చివర్ల కార్డులూ, మధ్యలో స్విచ్చీ అన్నీ ఒకే పరిమాణం ఒప్పుకోవాలి. ఒక్కటి ఒప్పుకోకపోయినా పింగ్ చక్కగా వెళ్తుంది, పెద్ద కాపీ మాత్రం నడుమ ఆగిపోతుంది. పరీక్ష ఇలా: పింగ్, హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 8972, తర్వాత అవతలి ఐపీ. 8972కి హెడర్ల 28 కలిస్తే 9000. మామూలు నెట్‌వర్క్‌కైతే 1472 పెట్టాలి, 28 కలిపి 1500. ఐదు సిస్టమ్‌ల ట్యాలీకి 1500 చాలు. జంబో వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

మీ అసలు సమస్య, తెగిపోవడం, ఇంకా అలాగే ఉంటుంది కాబట్టి అదీ చూద్దాం. రౌటర్ 192.168.1.100 నుంచి 199 దాకా తానే పంచుతుంటే, మీరు చేత్తో 192.168.1.105 ఇస్తే ఏదో ఒక రోజు ఇంకో ఫోన్‌కి అదే నంబరు వెళ్తుంది. 192.168.1.20 లాంటిది, పంపకం బయటిది ఇవ్వండి. లేదా రౌటర్‌లోనే ఆ కార్డు మ్యాక్ అడ్రస్‌కి (తయారీలోనే కార్డుకి ఇచ్చే నంబరు) ఒక ఐపీ రిజర్వేషన్ పెట్టండి, అది ఇంకా మంచిది. కేబుల్ కనెక్టర్లు కూడా విప్పి చూడండి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఆర్‌జే45 పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టడం సాధారణం. లింకు క్షణక్షణం పడుతూ లేస్తుంటే బలహీనమైన డ్రైవర్‌కి అదొక అదనపు దెబ్బ. కొత్త కనెక్టర్ క్రింప్ చేస్తే సరి.

ఇవన్నీ చేశాక కూడా పడిపోతూ, ప్రతిసారీ వేరే కోడ్, వేరే పేరు వస్తుంటే అది నెట్‌వర్క్ కాదు. ర్యామ్. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపండి.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక గృహిణి

ప్ర: మా అమ్మాయి ల్యాప్‌టాప్ మూత వేసి తెరిస్తే అప్పుడప్పుడు నీలి తెర. ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అంటుంది. వైఫై వాడుతుంది.

జ: అది కోడ్ 9ఎఫ్ అమ్మా. నిద్రపొమ్మనో లేవమనో విండోస్ చెప్పినప్పుడు ఒక డ్రైవర్ సకాలంలో బదులివ్వలేదని దానర్థం. వైఫై కార్డు డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి కొత్తది వేయించండి. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డుకి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, పవర్ ఆదా కోసం పరికరాన్ని ఆపేయొచ్చు అనే గడికి టిక్ తీసేయండి. కొత్త తరహా స్టాండ్‌బై ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనబడదు, కంగారు పడొద్దు. సరిచేశాక ‘షట్ డౌన్’ కాకుండా ‘రీస్టార్ట్’ ఇవ్వండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా కెర్నల్ పాత స్థితి డిస్కులో దాచుకుని మళ్లీ అదే తెచ్చుకుంటుంది.

పెందుర్తి నుంచి పాఠశాల కంప్యూటర్ టీచర్

ప్ర: ల్యాబ్‌లో ముప్ఫై సిస్టమ్‌లు. సెలవుల్లో గది కడిగి మళ్లీ వైర్లు పెట్టారు. ఇప్పుడు అన్నీ ఆన్ చేసిన కాసేపటికే మౌస్ కదలదు, అన్నీ ఒకేసారి హ్యాంగ్. ఫార్మాట్ చేసినా అంతే. వైరస్సా?

జ: ఒకే నిమిషంలో ముప్ఫై సిస్టమ్‌లు బిగుసుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి వెళ్లకండి, స్విచ్ దగ్గరికి వెళ్లండి. లైట్లన్నీ ఆగకుండా ఒకే తాళంలో మెరుస్తున్నాయా? అయితే ఎక్కడో లూప్ పడింది. ఒకే కేబుల్ రెండు చివర్లూ ఒకే స్విచ్‌లో ఉండొచ్చు, లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు పడి ఉండొచ్చు.

ఐపీ ప్యాకెట్‌కి ఆయుష్షు ఉంటుంది. ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గి చివరికి పోతుంది. కేబుల్ మీద ఆ ప్యాకెట్‌ను మోసే ఈథర్‌నెట్ ఫ్రేముకి అలాంటిది లేదు. ఒక్క బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే ఫ్రేము) లూప్‌లో పడితే కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది, స్విచ్ దాన్ని అన్ని పోర్టులకీ పంచుతూనే ఉంటుంది. గిగాబిట్ లింకు మీద చిన్న ఫ్రేములు గరిష్ఠంగా సెకనుకు 14.88 లక్షలు పడతాయి, 100 ఎంబీపీఎస్ మీద 1.49 లక్షలు. బ్రాడ్‌కాస్ట్ కాబట్టి ప్రతి సిస్టమ్ ప్రతి ఫ్రేమునూ తీసుకుని చూడాల్సిందే. పాత ప్రాసెసర్లు ఆ పనిలోనే మునిగిపోతాయి, మౌస్‌కి వంతు రాదు. ఏ ఒక్క సిస్టమ్ నుంచైనా కేబుల్ పీకండి. కొన్ని సెకన్లలో మౌస్ కదిలితే నిర్ధారణ అయినట్టే.

లూప్ పట్టుకోవడానికి స్విచ్‌లోంచి సగం కేబుళ్లు తీయండి. ఆ మెరుపు ఆగితే తీసినవాటిలో ఉంది, ఆగకపోతే మిగిలినవాటిలో. అలా సగం సగం చేసుకుంటూ పోతే ముప్ఫై కేబుళ్లకి ఐదుసార్లు చాలు. రెండు పోర్టులున్న ఐపీ ఫోన్, యాక్సెస్ పాయింట్‌గా వాడే పాత రౌటర్ ఉంటే ముందు వాటినే చూడండి. వాటి రెండు పోర్టులూ గోడకే పెట్టేస్తుంటారు. కొత్త స్విచ్ కొనే అవకాశం వస్తే లూప్ డిటెక్షన్ ఉన్నదో, స్పానింగ్ ట్రీ (లూప్‌ను కనిపెట్టి ఆ దారి మూసే పద్ధతి) ఉన్న మేనేజ్డ్ స్విచ్చో (సెట్టింగ్‌లు మార్చుకోగలిగేది) తీసుకోండి. మేనేజ్డ్ అయితే సిస్టమ్‌లకి వెళ్లే పోర్టుల మీద బీపీడీయూ గార్డ్ (అక్కడ ఇంకో స్విచ్ తగిలిస్తే పోర్టు మూసేది), స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్‌లకు హద్దు పెట్టేది) పెట్టించండి. కేబుల్‌కి రెండు చివర్లా ఒకే నంబరు స్టిక్కర్ అంటిస్తే వచ్చే సెలవుల తర్వాత ఈ బాధ ఉండదు.

మధురవాడ, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి

ప్ర: ఉబుంటు 22.04 సర్వర్‌లో ఇంకో నెట్‌వర్క్ కార్డు పెట్టి, స్టోరేజీ నుంచి ఐస్కజీ డిస్కు (నెట్‌వర్క్ మీదుగా వచ్చే డిస్కు) తీసుకుని లైనక్స్ ఫైల్ పద్ధతి ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేశాం. బూట్‌లో తగిలించే డిస్కుల జాబితా ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లైను రాశాం. రీబూట్ చేస్తే డిస్కు కోసం నిమిషంన్నర ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతోంది. ఆ లైను తీసేస్తే బూట్ అవుతుంది గానీ ఇంకోచోట రెండు నిమిషాలు ఆగి, చివరికి నెట్‌వర్క్ లేకుండా లేస్తోంది. కెర్నల్ పాడైందా?

జ: కెర్నల్‌కి ఏమీ కాలేదు. రెండు వేర్వేరు తప్పులు ఒకే రోజు కలిశాయి.

డిస్కు సంగతి ముందు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ (ఇంకో సర్వర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీద వాడుకునే పద్ధతి) అని రాస్తే అది నెట్‌వర్క్ మీదిదని, బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ పేరు చూసే గ్రహిస్తుంది. ఈఎక్స్‌టీ4 అని రాస్తే మాత్రం లోపలి డిస్కనే అనుకుంటుంది. ఐస్కజీ డిస్కు నెట్‌వర్క్ లేచాకే కనబడుతుంది. లోపలి డిస్కులన్నీ మౌంట్ అయితే తప్ప బూట్ అంతదాకా వెళ్లదు. ఒకదానికోసం ఒకటి కాచుకుంటాయి. 90 సెకన్ల గడువు ముగిశాక సిస్టమ్‌డీ ఎమర్జెన్సీ మోడ్‌కి వెళ్తుంది. ఆప్షన్ల గడిలో అండర్‌స్కోర్ నెట్‌డెవ్, కామా, నోఫెయిల్ అని చేర్చండి. మొదటిది ఇది నెట్‌వర్క్ డిస్కని చెబుతుంది, రెండోది దొరక్కపోయినా బూట్ ఆపొద్దని. ఎస్‌డీబీ లాంటి పేర్లు వద్దు, డిస్కుకి ఉండే యూయూఐడీ అనే మారని గుర్తింపుతో రాయండి. ఐస్కజీ నోడ్ స్టార్టప్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. రీబూట్ చేయకముందే ‘ఫైండ్ ఎంఎన్‌టీ’ (ఒకే మాటగా కొట్టాలి) కమాండ్‌కి రెండు హైఫన్ల వెరిఫై తగిలించి నడిపితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తప్పులు చెబుతుంది. తర్వాత ‘మౌంట్ హైఫన్ ఏ’ కూడా తప్పు లేకుండా పోవాలి.

ఇప్పటికే ఎమర్జెన్సీలో ఇరుక్కున్నవాళ్లు రూట్‌ను రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే బయటపడతారు.

రెండోది కార్డు పేరు. ఈఎన్‌పీ3ఎస్0 అనే పేరులో 3 అంటే పీసీఐ బస్సు నంబరు. కొత్త కార్డు పెడితే బస్సుల వరస జరిగి పాత కార్డు ఈఎన్‌పీ4ఎస్0 అయిపోవచ్చు. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఉండే నెట్‌ప్లాన్ ఫైలు ఇంకా పాత పేరుకే ఐపీ ఇస్తోంది, ఆ పేరుతో కార్డే లేదు. ‘ఐపీ లింక్’ కొట్టి ఇప్పటి పేర్లు చూడండి. పేరు మార్చి వదిలేయకండి. నెట్‌ప్లాన్‌లో ‘మ్యాచ్’ కింద మ్యాక్ అడ్రస్ ఇచ్చి, ‘సెట్ నేమ్’తో మీకు నచ్చిన పేరు ఖాయం చేయండి. ఇక ఎన్ని కార్డులు పెట్టినా జరగదు. ఆ రెండు నిమిషాలు, నెట్‌వర్క్ లేచేదాకా బూట్‌ను ఆపే ‘వెయిట్ ఆన్‌లైన్’ సర్వీసు గడువు, 120 సెకన్లు. కేబుల్ లేని కార్డుకి ‘ఆప్షనల్: ట్రూ’ అని రాస్తే దానికోసం ఆగదు. ఆ సర్వీసునే పూర్తిగా ఆపేయమనే సలహా వింటారు. మీకు ఐస్కజీ ఉంది, ఆపొద్దు.

నెట్‌ప్లాన్ ఫైలులో ట్యాబ్ కీ పనికిరాదు, ఖాళీలే వాడాలి. రాశాక ‘నెట్‌ప్లాన్ జనరేట్’తో రాత తప్పులు చూసుకుని, ‘నెట్‌ప్లాన్ ట్రై’ నడపండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగ్‌కి అదే తిరిగి వెళ్తుంది. బాండ్, బ్రిడ్జ్ (కార్డులను కలిపి వాడే పద్ధతులు) పారామీటర్లు రాసిన ఫైలుకి ఈ రక్షణ లేదు, గుర్తుంచుకోండి. సర్వర్ క్లౌడ్ ఇమేజ్ నుంచి వేసిందైతే 50తో మొదలయ్యే ఫైలును మొదటి సెటప్ చేసే క్లౌడ్ ఇనిట్ ప్రోగ్రామ్ తిరగరాస్తుంది. క్లౌడ్ ఇనిట్‌లో నెట్‌వర్క్ భాగాన్ని డిజేబుల్ చేశాకే చేత్తో రాయండి.

దూరంగా ఉన్న సర్వర్ మీద ‘ఐపీ’ కమాండ్లతో ప్రయోగం చేయాల్సి వస్తే, ముందు పది నిమిషాల తర్వాత రీబూట్ అయ్యేలా షట్‌డౌన్ కమాండ్ ఇచ్చి పెట్టుకోండి. ఆ మార్పులు ఫైలులోకి వెళ్లవు కాబట్టి, లింకు తెగినా రీబూట్‌తో పాత ఐపీ వస్తుంది. అంతా బాగుంటే షట్‌డౌన్ హైఫన్ సీతో రద్దు చేసుకోండి. రాత్రి పూట రుషికొండ కొండెక్కి వెళ్లి కన్సోల్ తగిలించే పని తప్పుతుంది.

మర్రిపాలెం నుంచి ఒక సిస్టమ్ అడ్మిన్

ప్ర: ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఐపీ మార్చాక క్లయింట్‌లో ‘డీఎఫ్’ (డిస్కులో ఖాళీ చూపే కమాండ్) కొడితే తిరిగి రాదు. లోడ్ యావరేజ్ (నడుస్తున్న, కాచుకున్న ప్రాసెస్‌ల సగటు) 40 దాటింది, సీపీయూ మాత్రం ఖాళీ. ప్రాసెస్‌లను కిల్ హైఫన్ 9 చేసినా పోవు.

జ: క్రాష్ కాదు. హార్డ్ మౌంట్ పద్ధతే అంత: సర్వర్ వచ్చేదాకా వదలదు. డీ స్థితిలో (డిస్కు లేదా నెట్‌వర్క్ బదులు కోసం) ఆగిన ప్రాసెస్‌లన్నీ లోడ్‌లో కలుస్తాయి, అందుకే 40. పాత ఐపీని సర్వర్‌కి తాత్కాలికంగా రెండో అడ్రస్‌గా ఇవ్వండి, అన్నీ వాటంతట అవే కదులుతాయి. తర్వాత సావకాశంగా అన్‌మౌంట్ చేసి కొత్త అడ్రస్‌తో పెట్టుకోండి. సాఫ్ట్ మౌంట్‌కి మారితే ఈ ఆగడం ఉండదు గానీ, రాతలు మధ్యలో విఫలమై ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. రాసే చోట వాడకండి. కెర్నల్ లాగ్‌లో ‘బ్లాక్డ్ ఫర్ మోర్ దేన్ 120 సెకండ్స్’ అని కనబడటం సహజం. హంగ్ టాస్క్ పానిక్ అనే సెట్టింగ్ ఎవరైనా 1 చేసి ఉంటే మాత్రం అదే హెచ్చరిక నిజమైన పానిక్ (కెర్నల్ తనంతట తానే ఆగిపోవడం) అవుతుంది. అది 0లో ఉందేమో చూడండి.

సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు

ప్ర: 8 జీబీ ర్యామ్ ఉన్న లైనక్స్ ఫైల్ సర్వర్ వేగం పెంచడానికి ఇంటర్నెట్‌లో దొరికిన నెట్‌వర్క్ ట్యూనింగ్ లైన్లు కెర్నల్ విలువలు మార్చే సిస్‌సీటీఎల్‌లో వేశాను. అప్పట్నుంచి ప్రాసెస్‌లు చచ్చిపోతున్నాయి, ఒకసారి కెర్నల్ పానిక్ కూడా.

జ: ఇక్కడ నిజంగానే సెట్టింగే కెర్నల్‌ను కూల్చింది. మీరు పంపిన లైన్లలో టీసీపీ మెమ్ (టీసీపీ మొత్తానికి మెమరీ హద్దు) విలువ 16777216 అని ఉంది. 16 ఎంబీ అనుకుని ఎవరో రాశారు. టీసీపీ ఆర్‌మెమ్, డబ్ల్యూమెమ్‌లకు లెక్క బైట్లలో, కానీ టీసీపీ మెమ్‌కి లెక్క పేజీల్లో. పేజీ 4 కేబీ. అంటే మీరిచ్చింది 64 జీబీ. మీ 8 జీబీలో మొత్తం ఉన్నవే 20,97,152 పేజీలు. ఇక టీసీపీకి హద్దే లేకుండా పోయింది. రద్దీ పెరిగితే ర్యామ్ అంతా సాకెట్ బఫర్లు మింగేయొచ్చు. ఈ లైను మీకు అసలు అవసరం లేదు. బూట్‌లోనే కెర్నల్ ఉన్న ర్యామ్‌ను బట్టి లెక్కేసుకుంటుంది.

రెండోది వీఎం మిన్ ఫ్రీ కేబైట్స్, కెర్నల్ ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవాల్సిన ర్యామ్. 128 జీబీ సర్వర్ కోసం రాసిన విలువను 8 జీబీలో పెడితే, వాడుకోవాల్సిన ర్యామ్‌ను కెర్నల్ తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది, మిగతావాళ్లకి చాలదు. బాగా ఎక్కువ పెడితే మెషిన్ వెంటనే మెమరీ లేక పడిపోతుందనీ, 1024 కేబీ కంటే తక్కువ పెడితే రద్దీలో డెడ్‌లాక్ అవుతుందనీ కెర్నల్ పత్రాలే హెచ్చరిస్తాయి. మూడోది, వీఎం పానిక్ ఆన్ ఓఓఎం 1గా ఉంది. మామూలుగా మెమరీ అయిపోతే కెర్నల్ ఒక ప్రాసెస్‌ను చంపి బతుకుతుంది. ఈ లైనుంటే తానే పానిక్ అవుతుంది. టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్ లైను కూడా ఉంది. అది 4.12 కెర్నల్‌లోనే తీసేశారు, ఆ ఒక్కటి చూస్తేనే మీరు దింపిన జాబితా ఎంత పాతదో తెలుస్తుంది.

ఈటీసీలోని సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌లోనూ, సిస్‌సీటీఎల్.డీ ఫోల్డర్‌లోనూ ఆ లైన్లన్నీ తీసేసి రీబూట్ చేయండి. లైను తీసినంత మాత్రాన విలువ పాతదానికి రాదు, రీబూట్ కావాల్సిందే. బూటే కాకపోతే బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ‘ఈ’ అక్షరం కీ నొక్కి, లైనక్స్ లైను చివర ఇనిట్‌ను బిన్ బాష్‌కి మార్చి లేపండి. రెస్క్యూ మోడ్ ఇక్కడ పనికిరాదు, అది కూడా ఆ విలువలు చదువుకునే లేస్తుంది. బాష్ వచ్చాక రూట్‌ను రీమౌంట్ చేసి, ఫైలు సరిచేసి, ‘సింక్’ కొట్టి రీసెట్ చేయండి.

పానిక్ మాటలు డిస్కు మీది లాగ్‌కి చేరకుండానే మెషిన్ ఆగిపోతుంది తరచుగా. ఉబుంటులో లైనక్స్ క్రాష్‌డంప్ ప్యాకేజీ వేసి ఉంచితే, వచ్చేసారి వార్ క్రాష్ ఫోల్డర్‌లో పూర్తి సాక్ష్యం దొరుకుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గర హాస్టల్ నుంచి ఒక విద్యార్థి

ప్ర: బయటినుంచి ఒక ప్యాకెట్ పంపి కంప్యూటర్‌ను కూల్చేయొచ్చా? ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్‌ల పద్ధతి) ఆపేస్తే సురక్షితమని సీనియర్ ఒకరు రిజిస్ట్రీ మార్చారు, అప్పట్నుంచి బూట్ కొంచెం ఆలస్యం.

జ: కూల్చేయొచ్చు, చాలాసార్లు జరిగింది. 1990ల్లో ‘పింగ్ ఆఫ్ డెత్’ ఐపీ గరిష్ఠ పరిమాణం 65,535 బైట్లు దాటే పింగ్‌ను ముక్కలుగా పంపి, అవతల కలిపేటప్పుడు బఫర్ పొంగేలా చేసేది. 1997లో వచ్చిన ‘ల్యాండ్’ దాడిలో పంపినవాడి అడ్రసూ చేరాల్సిన అడ్రసూ ఒకటే. 2019 జూన్‌లో బయటపడ్డ ‘శాక్ పానిక్’ 2.6.29 నుంచి వచ్చిన లైనక్స్ కెర్నళ్లను పానిక్‌లోకి నెట్టగలిగేది. 2020 అక్టోబరులో విండోస్‌లో సరిదిద్దిన ‘బ్యాడ్ నైబర్’ లోపం ఐపీవీ6 రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్‌లోని డీఎన్‌ఎస్ భాగం పొడవును టీసీపీఐపీ.సిస్ తప్పుగా లెక్కించడం వల్ల వచ్చింది. ఆ చివరిదాన్ని రౌటర్ దాటించదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాడే పంపగలడు. హాస్టల్ వైఫైలో ఉన్న మీకు అది ఊరట కాదు.

ఇవన్నీ అప్‌డేట్లతో మూసుకున్న తలుపులే. తెరిచి పెట్టేది మన కాన్ఫిగరేషన్. గేమ్ కోసం రౌటర్‌లో మీ సిస్టమ్‌ను డీఎంజెడ్‌లో (బయటి రాకపోకలన్నీ నేరుగా వచ్చే చోట) పెట్టడం, 445 (ఫైల్ షేరింగ్), 3389 (రిమోట్ డెస్క్‌టాప్) పోర్టులు ఫార్వర్డ్ చేయడం, హాస్టల్ నెట్‌వర్క్‌ను ‘ప్రైవేట్’ అని గుర్తించడం. మూడూ తీసేయండి, హాస్టల్ వైఫై ‘పబ్లిక్’గానే ఉండాలి. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై రాన్సమ్‌వేర్ వ్యాపించింది 445 పోర్టు ద్వారానే, దాని ప్యాచ్ అప్పటికి రెండు నెలల ముందే మార్చిలో వచ్చింది. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానిమీదే ఉంటే 11కి మారడమో, పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు కావడమో చేయండి.

ఐపీవీ6 ఆపొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, విండోస్‌లో కొన్ని భాగాలు దాని మీద ఆధారపడతాయి. మీ ఆలస్యానికి కారణం కూడా ఆ రిజిస్ట్రీయే. టీసీపీఐపీ6 పారామీటర్స్ కింద ‘డిజేబుల్డ్ కాంపొనెంట్స్’ విలువలో ఎనిమిది ఎఫ్‌లు పెడితే బూట్ ఐదు సెకన్లు ఆలస్యమవుతుంది. అది తెలిసిన తప్పు. ఆపాలన్నా రెండు ఎఫ్‌లే పెట్టాలి. మీకు కావాల్సింది ఐపీవీ4కి ప్రాధాన్యమే అయితే హెక్సాలో 20 పెట్టండి, ఐపీవీ6 ఉంటుంది, ముందు ఐపీవీ4 ప్రయత్నిస్తుంది. ఏమీ అక్కర్లేదనుకుంటే ఆ ఎంట్రీనే డిలీట్ చేయండి. ఏది చేసినా రీస్టార్ట్ చేశాకే అమల్లోకి వస్తుంది.